పరికి పొద

కార్తీకం దాటి చలి ముదిరే రోజుల్లో మా నిజాంసాగర్ ప్రాంతపు బడిలో పిల్లవాడి చొక్కా చూసి, వాడు ఏ దారిన వచ్చాడో చెప్పవచ్చు. తారురోడ్డు మీదుగా వచ్చినవాడి చొక్కా బాగానే ఉంటుంది. గుట్ట పక్క బాటన వచ్చినవాడి చొక్కా చెయ్యి చిరిగి ఉంటుంది. ముంజేతి మీద ఎర్రని గీతలుంటాయి. జేబులో మాత్రం బఠాణీ గింజంత, నల్లగా నిగనిగలాడే పండ్లు గుప్పెడు ఉంటాయి. అవి పరికి పండ్లు. పాఠం మొదలైన పది నిమిషాలకు ఏదో ఒక బెంచీ మీద నుంచి టెంక కొరికిన చప్పుడు వినిపిస్తుంది. నేను విననట్లే ఉంటాను. ఒకప్పుడు ఆ చప్పుడు చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

పరికి పండును మీలో చాలామంది తిని ఉంటారు. పరికి పొదను చూసినవారు మాత్రం తక్కువ. చెయ్యి చాచినప్పుడు మన చూపంతా పండు మీదనే ఉంటుంది గాని ఆకు మీద, ముల్లు మీద ఉండదు. గుచ్చుకున్నాక ముల్లును తిట్టుకుంటామే తప్ప పరీక్షించం. ఈ నెల ఆ పొద ముందు కాస్త తీరికగా కూర్చుందాం.

కాలువ కింద లేదు, కాలువ పైన ఉంది

మంజీరా నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకను తాకి, మన నేల మీదికి వస్తుంది. అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య దానికి అడ్డంగా కట్టినదే నిజాంసాగర్ ఆనకట్ట. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. దీని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు. అప్పటి నుంచి ప్రధాన కాలువకు దిగువన వరి, చెరకు పండాయి. అక్కడ నేల చదునైంది, గట్లు సన్నబడ్డాయి, పొదలు పోయాయి. 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండి ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో మీరు పరికిని వెదకాలంటే కాలువ నీరు ఎక్కని చోటికి పోవాలి. ఎల్లారెడ్డి వైపు పోతుంటే కనిపించే బండరాళ్ళ గుట్టలు, మొరం దిబ్బలు, ఎర్ర చెల్కల గట్లు, పోచారం అభయారణ్యం అంచులు దాని చోట్లు. మోదుగ, తునికి, రేల, సీతాఫలం, చండ్ర దానికి ఇరుగుపొరుగులు.

ఇక్కడ వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే పడుతుంది. మిగిలిన ఎనిమిది నెలలు మొక్క తన బతుకు తాను చూసుకోవాలి. పరికి ఆ పని చక్కగా చేస్తుంది. వేరు రాతి సందుల్లోకి లోతుగా దిగుతుంది. పైన కొమ్మను కొట్టేసినా వేరు మొదలు నుంచి మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. గొడ్డలి పడిన పరికి తొలకరికి మునుపటికంటె గుబురుగా లేవడం రైతులందరికీ తెలిసిన సంగతే.

ఇది మన ఒక్క తెలంగాణ మొక్క కాదు. శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, దక్షిణ చైనాల మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంది. కొన్ని జిల్లాల్లో దీన్నే పరిమి అంటారు.

రేగుకు చెల్లెలు, కాని రేగు కాదు

పరికి ముళ్ళతో నిండిన పొద. ఒంటరిగా ఉంటే నేల మీద అల్లిబిల్లిగా పరచుకుంటుంది. పక్కన చెట్టేదైనా ఉంటే దాని మీదికి పాకుతుంది. అందుకే దీన్ని కొందరు పొద అనీ, కొందరు తీగ అనీ వాదులాడుకుంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఒక రెమ్మను తెంపి, పక్కన రేగు రెమ్మను పెట్టి చూడండి. రెండింటిలోనూ ఆకులు ఏకాంతరంగా, అంటే ఒక కణుపుకు ఒకటి చొప్పున అటూ ఇటూ ఉంటాయి. రెండింటిలోనూ ఆకు మొదట నుంచే మూడు పెద్ద ఈనెలు బయలుదేరుతాయి. మామిడాకులో, జామాకులో అట్లా ఉండదు. నడుమ ఒకే పెద్ద ఈనె ఉండి, పక్క ఈనెలు దాని నుంచి చీలుతాయి. ఈ మూడు ఈనెల గుర్తు రేగు జాతులన్నింటికీ ఉంది.

ఇక తేడాలు చూడండి. రేగాకు కొంచెం గుండ్రంగా, అడుగున తెల్లని నూగుతో మెత్తగా ఉంటుంది. పరికి ఆకు కొనదేరి ఉంటుంది. అడుగున పట్టులాంటి సన్నని నూగు మెరుస్తుంది. అన్నిటికంటె మంచి గుర్తు ఆకు మొదట్లో ఉంది: నడిమి ఈనెకు ఒక పక్క భాగం పెద్దది, ఒక పక్క చిన్నది. ఆకును నడిమి ఈనె మీదుగా మడిచి చూడండి, రెండు సగాలూ కలవవు. రేగులో ముళ్ళు సాధారణంగా జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. పరికిలో ఎక్కువచోట్ల ఒక్కటే ముల్లు. అది పిల్లిగోరులా వెనక్కి వంగి ఉంటుంది.

ఈ కుటుంబంలో మన గుట్టల మీద ఇంకా ఇద్దరున్నారు. నేల మీద గుబురుగా పెరిగే నేలరేగు ఒకటి. దాని ఆకులు చిన్న నాణేల్లా గుండ్రంగా ఉంటాయని శాస్త్రంలో నుమ్ములేరియా అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు నాణెంతో సంబంధం. గొట్టి చెట్టు రెండవది. దాని కాయ చెక్కలా గట్టిది. ఆకలితో ఉన్న పిల్లవాడు కూడా దాన్ని వదిలేస్తాడు.

ముల్లు ఎక్కడ నుంచి వచ్చింది?

'ముల్లు' అని మనం ఒకే మాట అంటాం గాని, వృక్షశాస్త్రంలో ముళ్ళన్నీ ఒకటి కావు. ముల్లు ఏ భాగం మారితే వచ్చిందో తెలియాలంటే అది కూర్చున్న చోటు చూడాలి. నిమ్మ ముల్లు ఆకు గ్రీవంలో, అంటే కొమ్మ పుట్టవలసిన చోట ఉంటుంది. గులాబీ ముల్లు కాండం మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. వేలితో పక్కకు నెడితే పై పొరతో సహా ఊడి వస్తుంది. పరికి ముల్లు మాత్రం ఆకు కాడ కాండానికి అంటుకునే చోట పక్కన ఉంటుంది. అది పత్రపుచ్ఛం ఉండవలసిన చోటు. మందార ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా సన్నని ఆకుపచ్చ పోగులు చూశారు కదా, అవే పత్రపుచ్ఛాలు. పరికిలో, రేగులో, తుమ్మలో అవే గట్టిపడి ముళ్ళయ్యాయి. పరీక్షలో 'పత్రపుచ్ఛ కంటకాలకు ఉదాహరణ ఇవ్వండి' అని అడిగితే తుమ్మ అనే అందరూ రాస్తారు. ఈసారి పరికి అని రాయండి. దిద్దే ఉపాధ్యాయుడు కాసేపు ఆలోచిస్తాడు!

ఇక వంకర సంగతి. పాత గుడ్డపేలిక ఒకటి తీసుకొని పరికి కొమ్మ మీద కొన నుంచి మొదలు వైపు లాగండి. జారిపోతుంది. అదే గుడ్డను మొదలు నుంచి కొన వైపు లాగండి. పట్టుకొంటుంది. ఎందుకంటే కొక్కేల మొనలన్నీ కొమ్మ మొదలు వైపు తిరిగి ఉన్నాయి. పొదలోకి మన చెయ్యి పోయేది కొమ్మల కొనల వైపు నుంచే కనుక లోపలికి సులభంగా పోతుంది. బయటికి తీసేటప్పుడే చర్మం చీరుకుంటుంది. గాలానికి చేప చిక్కినట్టు చిక్కుతాం. చిక్కినప్పుడు వెనక్కి గుంజకూడదు. చేతిని ఇంకాస్త లోపలికి పోనిచ్చి, కొక్కెం వదిలాక పైకెత్తి తీయాలి. మేకలు కాచే పిల్లలకు ఇది ఎవరూ నేర్పకుండానే తెలుసు.

ఈ కొక్కెం వల్ల మొక్కకు రెండు పనులు జరుగుతున్నాయి. పెరిగే కొమ్మ పక్క చెట్టులోకి ముందుకు దూరుతుంది, వెనక్కి జారదు. తీగకు నులితీగలు చేసే పనిని పరికికి కొక్కేలు చేస్తున్నాయి. రెండవ పని మేతను ఆపడం. ఆపడం అనడం కంటె ఆలస్యం చేయడం అంటే సరి. మేక పరికి ఆకు తినదని అనుకోకండి, తింటుంది. కాని కానుగ కొమ్మనో సుబాబుల్ కొమ్మనో తిన్నట్టు నోటినిండా పట్టి లాగలేదు. ఒక్కొక్క ఆకునే పెదవులతో ఏరుకోవాలి. దక్షిణాఫ్రికాలో మేకలను, కూడూ, ఇంపాలా అనే జింకల వంటి జంతువులను గమనించిన ఇద్దరు శాస్త్రజ్ఞులు 1986లో ఈ మాటే ప్రకటించారు: ముళ్ళు జంతువును తరిమివేయవు, దాని కబళాన్ని చిన్నదిగా, మేతను నెమ్మదిగా చేస్తాయి. జంతువుకు కడుపు నిండేలోపల మొక్కకు కొన్ని ఆకులు మిగులుతాయి. మొక్కకు అంతే కావాలి.

చిన్న పువ్వులో పెద్ద సాక్ష్యం

వానాకాలంలో పరికి పూస్తుంది. ఆకుల గ్రీవాల్లో ఆకుపచ్చని చిన్న గుత్తులుగా ఉండే ఈ పువ్వులను పువ్వులని ఎవరూ గుర్తించరు. ఈగలు, తేనెటీగలు, కందిరీగలు మాత్రం గుర్తిస్తాయి. ఒక పువ్వు తెచ్చి భూతద్దం కింద పెట్టండి. ఐదు రక్షక పత్రాలు, ఐదు ఆకర్షణ పత్రాలు, ఐదు కేసరాలు, నడుమ తేనె ఊరే కండగల చక్రం, ఆ చక్రంలో కూరుకుపోయినట్లున్న అండాశయం కనిపిస్తాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది. సాధారణంగా పువ్వులో ఒక వలయంలోని భాగాలు ముందు వలయపు భాగాల సందుల్లోకి వస్తాయి. సినిమా హాలులో ముందు వరుసవాడి తల అడ్డం రాకుండా మనం ఇద్దరి మధ్యకు జరిగి కూర్చున్నట్లు. రక్షక పత్రాల సందుల్లో ఆకర్షణ పత్రాలు, ఆకర్షణ పత్రాల సందుల్లో కేసరాలు ఉండాలి. పరికిలో అట్లా లేదు. ప్రతి కేసరం సరిగ్గా ఒక ఆకర్షణ పత్రానికి ఎదురుగా నిలబడి ఉంది. ఆ పత్రం కూడా చిన్న దొన్నెలా ముడుచుకొని కేసరాన్ని కప్పుతుంది. రేగు పువ్వు చూడండి, అంతే. నేలరేగు చూడండి, అంతే.

ఈ గుర్తుతో కలిసే కుటుంబం పేరు రామ్నేసి. ప్రపంచం మొత్తం మీద ఇందులో 900కు పైగా జాతులున్నాయి. 'రామ్నస్' అనేది ప్రాచీన గ్రీకులు ముళ్ళపొదకు పెట్టుకున్న పేరు. ఇంగ్లీషువారు దాన్నే బక్‌థార్న్ అంటారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో తన 'స్పీషీస్ ప్లాంటారం' గ్రంథంలో మన పరికిని కూడా ఆ ప్రజాతిలోనే చేర్చి 'రామ్నస్ ఈనోప్లియా' అని పేరు పెట్టాడు. 1768లో లండన్ తోటమాలి ఫిలిప్ మిల్లర్ దీన్ని అందులోంచి తీసి రేగు ప్రజాతిలోకి మార్చాడు. అప్పటి నుంచి పరికి శాస్త్రీయ నామం జిజిఫస్ ఈనోప్లియా. మొక్క మాత్రం ఈ వ్యవహారమేమీ ఎరగకుండా మన గుట్ట మీదే ఉంది.

కేసరాలు ఎదురుగా ఉండే ఇంకో పెద్ద కుటుంబం ద్రాక్షది. అందుకని చాలాకాలం ద్రాక్షను, రేగును దగ్గరి చుట్టాలుగా పక్కపక్కన పెట్టారు. నేను చదువుకున్న పుస్తకంలోనూ అలాగే ఉండేది. తరువాత డి.ఎన్.ఎ. పరిశీలన వచ్చి ఆ చుట్టరికాన్ని తెంచేసింది. పరికికి దగ్గరివారు గులాబి, మల్బరీ, మర్రి, మేడి అని తేలింది. పువ్వు పోలిక ఒక్కటే చూసి చుట్టరికం కలిపితే ఎలా పొరపాటు పడతామో దీన్నిబట్టి తెలుస్తుంది. లడాఖ్‌లో పండ్లరసం తీసే 'సీ బక్‌థార్న్' కూడా పేరులో తప్ప ఈ కుటుంబానిది కాదు. అది పక్కింటిది.

నల్లనివన్నీ పరికి పండ్లు కావు

పరికి కాయ మొదట ఆకుపచ్చగా ఉండి చలికాలంలో నల్లబడుతుంది. పైన పలుచని పులుపు తీపి గుజ్జు, లోపల గట్టి టెంక ఒకటి. ఇలాంటి పండును టెంకగల ఫలం అంటాం. మామిడి కూడా అదే రకం. గుజ్జు ఎంతో ఉండదు, నిజం చెప్పాలంటే కష్టానికి తగిన ఫలం కాదు. అయినా తింటాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. అవే గుట్టల మీద లాంటానా పొదలున్నాయి. వాటి పండ్లు కూడా చిన్నవి, నల్లనివి. కాని గుత్తిగా ఒకేచోట ఒత్తుగా ఉంటాయి. ఆకు ఎదురెదురుగా, గరుకుగా, నలిపితే ఘాటుగా ఉంటుంది. లాంటానా పచ్చికాయలు విషం. కామంచి పండ్లు కూడా నల్లగానే ఉంటాయి. ఆ మొక్క మెత్తని చిన్న మొక్క, ముల్లుండదు, పండు నలిపితే చాలా చిన్న గింజలు కనిపిస్తాయి. దాని పచ్చికాయలూ హానికరమే. కాబట్టి పండు రంగును నమ్మకండి. ఆకు మీద మూడు ఈనెలు, కాడ పక్కన కొక్కెం ముల్లు, పండులో ఒకే ఒక టెంక: ఈ మూడూ కలిస్తేనే పరికి. ఒక్కటి కలవకపోయినా చెయ్యి వెనక్కి తీసుకోండి (ముల్లుంటే నెమ్మదిగా!).

మన ఊళ్ళ నుంచి అమెరికా, కెనడా పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ అన్నయ్యో అక్కయ్యో అక్కడ ఉంటే ఈ సంగతి ఉత్తరంలోనో ఫోనులోనో చెప్పండి. అక్కడి పార్కుల అంచుల్లో ఐరోపా నుంచి వచ్చి పాతుకుపోయిన అసలు బక్‌థార్న్ విపరీతంగా పెరుగుతున్నది. దాని పండు నల్లగా, బఠాణీ గింజంత, అచ్చం పరికిలాగే ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని జాతి పేరు కథార్టికా. ఆ మాటకు విరేచనకారి అనే అర్థం. పండు చిదిమితే మూడు నాలుగు గింజలు బయటపడతాయి. పరికిలో ఒకటే టెంక అన్నాం కదా, ప్రాణాన్ని కాపాడే లెక్క అది. ఓట్ల ధాన్యానికి తగిలే తుప్పు తెగులు శిలీంధ్రం తన జీవితచక్రంలో కొంత భాగాన్ని ఈ బక్‌థార్న్ మీదనే గడుపుతుంది కనుక అక్కడి రైతులకు కూడా ఇది కంటగింపే. మనవాళ్ళ సంగతీ చెప్పాలి: మన రేగు చెట్టు ఉత్తర ఆస్ట్రేలియాకు పోయి పశువుల బీళ్ళను ఆక్రమించి కలుపుగా పేరు తెచ్చుకుంది. ఇంటి దగ్గర మంచిదైన మొక్క పరాయి నేలలో అదుపు తప్పవచ్చు.

దేనికి పనికొస్తుంది?

పరికి కంపను కొట్టి ఎండబెట్టి చేను చుట్టూ వేస్తారు. రాత్రిపూట మేకల దొడ్డికి అదే గోడ, అదే తలుపు. కొక్కేలు ఒకదానికొకటి చిక్కుకొని చాప అల్లినట్లు అవుతాయి కనుక గాలికి కంప చెదరదు. నాటిన మొక్క చుట్టూ వేయడానికి దీన్ని మించిన కంచె లేదు, ఖర్చూ లేదు.

నాటువైద్యంలో పరికి వేరును, బెరడును గాయాలకు, కడుపునొప్పికి వాడతారు. రేగు కుటుంబపు బెరళ్ళలో సైక్లోపెప్టైడ్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలున్నాయి. థాయిలాండ్ శాస్త్రజ్ఞులు అక్కడి పరికి రకం వేర్ల నుంచి అలాంటివి కొన్నింటిని వేరుచేసి, అవి ప్రయోగశాలలో మలేరియా క్రిమి మీద పనిచేస్తున్నాయని 2005లో ప్రకటించారు. గాజు పాత్రలో పనిచేసినదల్లా మనిషి ఒంట్లో మందు కాదు. మధ్యలో ఎన్నో ఏండ్ల పరీక్షలుంటాయి. కనుక జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాలి గాని పరికి వేరు తవ్వకూడదు.

పిగిలిపిట్టలు, చిన్న పిట్టలు గూళ్ళు కట్టేది ఈ ముళ్ళ లోపలే. కౌజు పిట్టలు డేగ నీడ కనబడగానే దూరేది దీని కిందికే. తెల్లని రెక్కల మీద నల్లచుక్కలుండే చిన్న సీతాకోకచిలుక ఒకటుంది. దాని గొంగళిపురుగులు రేగు జాతుల ఆకులనే తిని పెరుగుతాయి. ఈ పొదలు పోయిన చోట ఆ సీతాకోకచిలుకా ఉండదు. ఈ మధ్య మన బీళ్ళలో సర్కారు తుమ్మ, లాంటానా కమ్ముకొని పరికికి చోటు లేకుండా చేస్తున్నాయి. ముల్లు ముల్లే కదా, ఏదైతేనేం అనుకుంటారు కొందరు. ఆ సీతాకోకచిలుకకు మాత్రం ఏదైతేనేం అని ఉండదు.

నక్క చేసే వ్యవసాయం

ఇంగ్లీషులో పరికిని 'నక్క రేగు' అనే అర్థమొచ్చేట్టు పిలుస్తారు. సంస్కృతంలోనూ 'శృగాలకోలి' అన్నారు. శృగాలమంటే నక్క. ఇద్దరూ చూసి పెట్టిన పేరే ఇది. నక్కలు, ఎలుగుబంట్లు, పునుగు పిల్లులు రాలిన రేగుపండ్లను, పరికిపండ్లను ఇష్టంగా తింటాయి. పక్షులకు ముల్లు అడ్డం కాదు కనుక అవి కొమ్మ మీదనే తింటాయి. గుజ్జు అరుగుతుంది, టెంక అరగదు. చలికాలంలో గుట్ట బాటన నడుస్తుంటే రాయి మీద ఎండిన నక్క పెంట కనిపిస్తుంది. దాన్ని పుల్లతో కదిపి చూడండి (చేత్తో ముట్టుకోకూడదు). పండ్ల కాలంలో టెంకలు దొరకడం మామూలే. నక్క రాత్రంతా తిరిగి, తల్లి పొదకు దూరంగా, ఎరువుతో సహా విత్తుతున్నదన్నమాట.

టెంక గట్టిదనం విత్తనానికి రక్షణ, ఇబ్బంది కూడా. రేగు టెంకను అలాగే నాటితే మొలకెత్తడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. టెంకను జాగ్రత్తగా పగులగొట్టి లోపలి పప్పును నాటితే వారం రోజుల్లోనే మొలక వస్తుంది. పరికితో మీరే చేసి చూడవచ్చు. రెండు కుండీలు తీసుకొని ఒకదానిలో పది టెంకలు, రెండవదానిలో పగులగొట్టి తీసిన పది పప్పులు పెట్టండి. రెండింటికీ నీరు ఒకేలా పోయండి. మొలక వచ్చిన తేదీలు గోడ మీద కాదు, నోటుపుస్తకంలో రాయండి.

నేను కొట్టించిన పొద

1998 వానాకాలంలో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఊరి బడిలో వనమహోత్సవం బాధ్యత నాకు అప్పగించారు. ఆ బడికి ప్రహరీ లేదు. తూర్పు హద్దు వెంట వరుసగా పరికి పొదలుండేవి. కొత్త మొక్కలు నాటేచోట ఈ కంప ఎందుకని తొమ్మిదవ తరగతి పిల్లల చేత కొట్టించాను. రెండు రోజులు పట్టింది, చేతులు చీరుకున్నాయి. కొట్టిన కంపంతా కుప్పవేసి తగలబెట్టాం. మూలన ఉన్న ఒక్క పొదను మాత్రం జుంటి తేనెపట్టు ఉందని పిల్లలు ముట్టుకోలేదు. ఖాళీ అయిన స్థలంలో నలభై మొక్కలు నాటాం: వేప, చింత, ఉసిరి, రావి. ఫోటో కూడా తీయించుకున్నాం.

సంక్రాంతి నాటికి ఏడు మిగిలాయి. ఎండాకాలం సెలవులయ్యేసరికి ఒక్కటీ లేదు. బడి వెనక మేకలు కాచే ఒక ముసలమ్మ ఉండేది. "అవ్వా, నీ మేకలే తిన్నయి గదా?" అన్నాను. ఆమె ఏమాత్రం తొణకలేదు. "మేక గాకపోతె ఎవరు తింటరు సారూ? గా కంప ఉన్నన్నొద్దులు లోపటికి రాలే. కంపేమొ మీరే కొట్టిస్తిరి. గటు జూడుండ్రి" అని మూలన ఉన్న పొదను చూపించింది.

వంగి చూశాను. పరికి కొమ్మల నడుమ జానెడు వేప మొక్క ఉంది. మేము నాటింది కాదు. ఏ పిట్టో పొద మీద వాలి వేపపండు టెంకను జారవిడిచింది. కింద ఎండుటాకులు కుళ్ళి నేల నల్లగా, చల్లగా ఉంది. చుట్టూ నేల పగుళ్ళిచ్చిన ఆ మే నెలలో అక్కడ వేలు పెడితే తేమ తగిలింది. చుట్టూరా కొక్కేలు. మేక మూతి పెట్టలేదు. మొలకెత్తడానికి చోటు, నీడ, తేమ, కాపలా ఆ పొద ఇచ్చింది. ఇలా ఒక మొక్క నీడన మరొక మొక్క బతికి బట్టకట్టడాన్ని శాస్త్రజ్ఞులు ఎడారుల్లో, కొండల్లో, పశువులు మేసే బీళ్ళలో ఎన్నోచోట్ల గమనించారు. అలాంటి పొదను 'దాది మొక్క' అనవచ్చు. ఈ సంగతి నా బి.ఇడి. పుస్తకాల్లో లేదు. ఉన్నా నేను చదివి ఉండను.

మరుసటి వానాకాలంలో పన్నెండు మొక్కలే నాటాం. అవ్వను అడిగి, గుట్ట నుంచి పరికి కంప మోయించి ఒక్కొక్కదాని చుట్టూ వేశాం. పన్నెండులో తొమ్మిది బతికాయి.

పొదలోని వేప మొక్క నాలుగేండ్లలో పొదను దాటి పైకి లేచింది. పదేండ్లకు దాని కొమ్మలు నలువైపులా పరచుకున్నాయి. పరికి ఎండను కోరే మొక్క. గాఢమైన నీడలో దానికి ఆకు నిలవదు, పూత రాదు. నేను బదిలీపై వెళ్ళి, తిరిగి ఒక పని మీద ఆ ఊరికి పోయేసరికి వేప కింద పిల్లలు సైకిళ్ళు నిలుపుకుంటున్నారు. మొదట్లో ఒక వైపున పరికి ఎండు కొమ్మలు మాత్రం గుప్పెడు మిగిలి ఉన్నాయి. కొక్కేలు అప్పటికీ గట్టిగానే ఉన్నాయి. చొక్కా అంచు పట్టుకున్నాయి. ఆ బడిలోని కొత్త సైన్సు టీచరు వాటిని కోయించి, ఆ వారమే నాటిన చింత మొక్క చుట్టూ వేయించింది.